మ్యూనిక్ స్టేషన్‌లో చప్పట్లు కొట్టిన యూరప్ ఇప్పుడెందుకు కంచెలు కడుతోంది?

మీరు అడిగింది ఇది: 2015లో శరణార్థులకు రైల్వే స్టేషన్‌లో చప్పట్లతో స్వాగతం చెప్పిన జర్మనీలో, పదేళ్లు తిరక్కుండానే వలసల్ని వ్యతిరేకించే పార్టీ రెండో స్థానానికి ఎలా వచ్చింది? జనం మారిపోయారా? ఉక్రెయిన్ వాళ్లకో న్యాయం, సిరియా వాళ్లకో న్యాయం ఎందుకు? అక్కడికి చదువుకోవడానికి వెళ్తున్న మీ తమ్ముడికి దీనివల్ల ఇబ్బంది ఉంటుందా?

నేను దక్షిణ జర్మనీలో చాలాకాలంగా ఉంటున్నాను. 2015 చివర్లో మా చిన్న పట్టణానికి శరణార్థులు వచ్చినప్పుడు మొదట వాలంటీరుగా, తర్వాత ఉద్యోగిగా వాళ్ల వసతి పనులు చూశాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. చప్పట్లు కొట్టినవాళ్లు, కోపంగా ఉన్నవాళ్లు మొదటిరోజు నుంచీ పక్కపక్క వీధుల్లోనే ఉన్నారు. ఎంతమంది వచ్చారన్నది ముఖ్యమే. కానీ వచ్చినవాళ్ల బాధ్యతను ప్రభుత్వాలు తమలో తాము పంచుకున్నాయా, ఎవరో ఒకరి నెత్తిన పడేశాయా అన్నది అంతకంటే ముఖ్యం. జనం మనసు విరిగిన చోట్లు చాలావరకు రెండోరకం చోట్లే.

కథ 2015లో మొదలవలేదు. 2013 అక్టోబరు 3న ఇటలీలోని లాంపెదూసా దీవి దగ్గర పడవ మునిగి 360 మందికి పైగా చనిపోయారు. ఇటలీ ప్రభుత్వం 'మారే నోస్ట్రుమ్' పేరుతో నౌకాదళాన్ని సముద్రంలోకి దింపి, ఏడాదిలో లక్షమందికి పైగా మనుషుల్ని కాపాడింది. దానికి నెలకు సుమారు 90 లక్షల యూరోలు ఖర్చయ్యాయి. ఆ ఖర్చులోనూ, ఒడ్డుకు చేరిన మనుషుల్లోనూ వాటా తీసుకోమంటే మిగతా దేశాలు పెద్దగా ముందుకు రాలేదు. 2014 అక్టోబరు చివర్లో దాన్ని ఆపేశారు. తర్వాత యూరప్ సరిహద్దు సంస్థ ఫ్రాంటెక్స్ మొదలుపెట్టిన 'ట్రైటన్' బడ్జెట్ అందులో మూడో వంతే, దాని ప్రధాన పని కూడా కాపలాయే. 2015 ఏప్రిల్‌లో లిబియా నుంచి బయల్దేరిన ఒకే ఒక్క పడవలో 700 మందికి పైగా పోయారు.

అసలు ముడి డబ్లిన్ నిబంధనలో ఉంది. శరణార్థి యూరప్‌లో మొదట ఏ దేశంలో అడుగుపెడితే, సాధారణంగా ఆ దేశమే అతని దరఖాస్తు చూడాలి. మ్యాప్ తీసి చూడండి, సిరియా నుంచో ఎరిత్రియా నుంచో వచ్చే మనిషి మొదట చేరేది గ్రీసుకో ఇటలీకో. జర్మనీ, ఆస్ట్రియా లాంటి దేశాలు చాలా ఏళ్లు ఈ నిబంధన చాటున నిశ్చింతగా ఉన్నాయి. అటు గ్రీసు, ఇటలీ కూడా చాలామందికి వేలిముద్రలు తీసుకోకుండానే ముందుకు వదిలేస్తూ వచ్చాయి. ఇవాళ యూరప్ దేశాల మధ్య కనిపించే అపనమ్మకానికి పునాది అదే.

2015లో సముద్రం దాటి యూరప్ చేరినవాళ్లు 10 లక్షలకు పైమాటే. అందులో దాదాపు 8.5 లక్షలమంది టర్కీ నుంచి గ్రీసుకు వచ్చారు. 90 వేల జనాభా కూడా లేని లెస్‌బోస్ అనే ఒక్క దీవిలోనే సుమారు 5 లక్షలమంది దిగారు. ఆగస్టు 27న ఆస్ట్రియాలో హైవే పక్కన వదిలేసిన మాంసం రవాణా ట్రక్కులో 71 శవాలు దొరికాయి. ఆగస్టు 31న జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ "మనం చేయగలం" అన్నారు. సెప్టెంబరు 2న రెండేళ్ల అలాన్ కుర్దీ శవం టర్కీ తీరానికి కొట్టుకొచ్చింది. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోని కెలెటి స్టేషన్‌లో రోజుల తరబడి ఇరుక్కుపోయిన వేలమంది సెప్టెంబరు 4న ఆస్ట్రియా వైపు హైవే మీద కాలినడకన బయల్దేరారు. ఆ రాత్రే మెర్కెల్, ఆస్ట్రియా ఛాన్సలర్ ఫైమాన్ వాళ్లను రానివ్వాలని నిర్ణయించారు. మీరు చెప్పిన చప్పట్లు ఆ శని, ఆదివారాలవి. సెప్టెంబరు 13కల్లా జర్మనీ ఆస్ట్రియా సరిహద్దులో తనిఖీలు మొదలుపెట్టేసింది. అంటే చప్పట్లకూ తనిఖీలకూ మధ్య నిండా పది రోజులు కూడా లేవు. జర్మనీ చాలాకాలం తలుపులు బార్లా తెరిచి, జనం తిరగబడ్డాక మూసిందని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది. తేదీలు చూస్తే అది నిలబడదు.

ఆ ఏడాది జర్మనీకి సుమారు 8.9 లక్షలమంది వచ్చారు. వాళ్లను రాష్ట్రాల మధ్య పంచడానికి ఒక సూత్రం ఉంది. పన్నుల రాబడికి మూడింట రెండు వంతుల లెక్క, జనాభాకు ఒక వంతు. రాష్ట్రం జిల్లాలకు పంచుతుంది, జిల్లా పట్టణాలకు పంచుతుంది. కాగితం మీద చక్కగా ఉంటుంది. మా దగ్గర మాత్రం "ఎల్లుండి బస్సు వస్తోంది, 50 మందికి పడకలు చూడండి" అని ఫోన్ వచ్చేది. అద్దె ఇళ్లు లేవు. స్కూలు జిమ్ హాలే గతి. నేల మీద చెక్కలు పరిచి, మంచాలు వేసి, మధ్యలో గుడ్డలు కట్టాం.

ఆ పని చేసింది ఎవరనుకున్నారు? రిటైరైన టీచర్లు, చర్చి వాళ్లు, ఫుట్‌బాల్ క్లబ్ కుర్రాళ్లు, అగ్నిమాపక దళం వాలంటీర్లు. వాళ్లలో పెద్దవయసు వాళ్లు కొందరు యుద్ధం తర్వాత తూర్పు ప్రాంతాల నుంచి తరిమేస్తే చిన్నపిల్లలుగా ఇక్కడికి వచ్చినవాళ్లు. 1945 తర్వాత అలా కట్టుబట్టలతో వచ్చిన జర్మన్లు సుమారు 1.2 కోట్లు. ఒకే భాష, ఒకే మతం అయినా అప్పటి స్థానికులు వాళ్లను బాగా చూసుకోలేదు. ఆ అవమానం గుర్తుండి సాయానికి వచ్చామని వాళ్లే నాతో అన్నారు.

కోటు ఇచ్చిన చేయి, జర్మన్ నేర్పిన నోరు నాలుగు నెలల తర్వాత "హాలు ఎప్పుడు ఖాళీ అవుతుంది?" అని అడిగాయి. పిల్లలకు ఆటల పీరియడ్ లేదు, క్లబ్‌లకు ప్రాక్టీసు లేదు. లోపల ఉన్నవాళ్ల పరిస్థితి మరీ కష్టం. ఇంటర్వ్యూ తేదీ రాదు, పని చేయడానికి అనుమతి రాదు, పగలంతా మంచం మీద కూర్చోవాలి. ఆ ప్రశ్న అడిగినవాళ్లను ద్వేషం ఉన్నవాళ్లుగా నేను చూడలేదు, ఇప్పుడూ చూడను. వాళ్లకు పైనుంచి జవాబు రావాలి, అది రాలేదు. 2016 జనవరిలో బవేరియాలోని లాండ్స్‌హూట్ జిల్లా అధికారి పీటర్ డ్రయర్ 31 మంది సిరియన్లను బస్సులో ఎక్కించుకుని నేరుగా బెర్లిన్‌లో ఛాన్సలర్ ఆఫీసుకు తీసుకెళ్లారు. మా దగ్గర ఇళ్లు లేవని చెప్పడానికి. ఆ మనుషుల్ని అలా వాడుకోవడం నాకు నచ్చలేదు. కానీ ఆయన చెప్పిన సమస్య మాత్రం మాకు రోజూ ఎదురైనదే.

ద్వేషం ఇంకోటి. అదీ అప్పుడే ఉంది. డ్రెస్డెన్‌లో వలసల్ని, ఇస్లాంను వ్యతిరేకించే పెగీడా అనే ఉద్యమం ఊరేగింపులు 2014 అక్టోబరులోనే మొదలయ్యాయి. ట్రోగ్లిట్స్ అనే ఊళ్లో శరణార్థులకు వసతి ఇద్దామన్న మేయర్, తన ఇంటి మీదికి నియో నాజీలు ఊరేగింపు పెడుతుంటే 2015 మార్చిలో రాజీనామా చేశారు. ఏప్రిల్‌లో ఆ వసతి భవనానికి నిప్పు పెట్టారు. ఆ ఒక్క ఏడాదిలో వసతి కేంద్రాల మీద జరిగిన నేరాలు వెయ్యికి పైగా నమోదయ్యాయి. అక్టోబరులో కొలోన్ మేయర్ అభ్యర్థి హెన్రియెట్ రేకర్‌ను ఎన్నికకు ఒకరోజు ముందు కత్తితో పొడిచారు. ఆమె బతికి, గెలిచారు. వసతి కేంద్రాన్ని సమర్థిస్తూ ఒక సభలో మాట్లాడిన కాసెల్ అధికారి వాల్టర్ ల్యూబ్కేను 2019 జూన్‌లో సొంత ఇంటి వరండాలో కాల్చి చంపారు. ప్రజల వ్యతిరేకత అని మనం అనే మాటలో జిమ్ హాలు కోసం అడిగిన తల్లినీ, ఈ హంతకులనూ ఒకే గాట కట్టేస్తే అసలేం జరిగిందో ఎప్పటికీ అర్థం కాదు. రాజకీయ నాయకులు చాలామంది చేసిన తప్పు ఇదే. మొదటివాళ్లకు ఇళ్లు, సిబ్బంది, డబ్బు ఇవ్వాల్సింది పోయి, రెండోవాళ్ల భాషను కొంచెం మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టారు.

ఇది జర్మనీకి కొత్త కూడా కాదు. 1992లో యుగోస్లావియా యుద్ధం సమయంలో ఆశ్రయం దరఖాస్తులు 4 లక్షలు దాటాయి. రోస్టాక్‌లో వియత్నాం కార్మికులు ఉన్న భవనానికి నిప్పు పెడుతుంటే చుట్టూ చేరిన జనం చప్పట్లు కొట్టారు. అదే డిసెంబరులో మ్యూనిక్‌లో లక్షలమంది దీపాలు పట్టుకుని ద్వేషానికి వ్యతిరేకంగా వీధుల్లో నిలబడ్డారు. పార్లమెంటు ఏం చేసింది? 1993లో రాజ్యాంగాన్ని సవరించి ఆశ్రయం హక్కును కుదించింది. జనం రెండుగా చీలినప్పుడు ప్రభుత్వం ఎటు మొగ్గిందో అప్పుడే తేలిపోయింది.

స్వీడన్‌ది ఇంకా బాధపెట్టే కథ. జనాభా కోటి. 2015లో దరఖాస్తులు 1,62,877. సెప్టెంబరులో ప్రధాని లవెన్ సభలో "నా యూరప్ గోడలు కట్టదు" అన్నారు. నవంబరు 24న ఆయనే ఆంక్షలు ప్రకటించారు. పక్కన నిలబడ్డ ఉప ప్రధాని ఓసా రొమ్సన్ కన్నీళ్లు పెట్టుకున్నారు. మిగతా దేశాలు వాటా తీసుకోకపోతే మాకు ఊపిరి సలపదన్నది వాళ్ల వాదన, అందులో నిజం ఉంది. తర్వాత ఏడేళ్లలో అక్కడ వలస వ్యతిరేక స్వీడన్ డెమొక్రాట్లు 20.5 శాతానికి పెరిగి, ప్రభుత్వాన్ని నిలబెట్టే స్థాయికి వచ్చారు. డెన్మార్క్ అయితే శరణార్థుల దగ్గర 10 వేల క్రోనర్లకు మించిన నగదు, విలువైన వస్తువులు ఉంటే వాళ్ల ఖర్చు కింద తీసుకోవచ్చని 2016 జనవరిలో చట్టమే చేసింది.

హంగరీ ప్రధాని ఓర్బాన్ సెర్బియా సరిహద్దులో 175 కిలోమీటర్ల కంచె కట్టారు. 2015 సెప్టెంబరులో ఇటలీ, గ్రీసుల నుంచి 1.2 లక్షలమందిని అందరూ పంచుకోవాలని యూరోపియన్ యూనియన్ ఓటింగ్ పెడితే హంగరీ, చెక్, స్లొవాకియా, రొమేనియా వ్యతిరేకించాయి. అంతకుముందు ఒప్పుకున్నదాంతో కలిపి లక్ష్యం 1.6 లక్షలు. చివరికి పంచుకున్నది సుమారు 35 వేలు. 50 కోట్ల జనాభా ఉన్న యూరప్ ఈ సంఖ్యను పంచుకోలేకపోయింది. అదే సమయంలో లెబనాన్ అనే చిన్న దేశంలో పది లక్షలకు పైగా సిరియన్లు నమోదై ఉన్నారు.

లెస్‌బోస్‌లో జరిగింది వింటే నేను చెప్పేది ఇంకా స్పష్టమవుతుంది. 2015లో అక్కడి జాలర్లు తమ పడవలతో మునిగేవాళ్లను ఒడ్డుకు చేర్చారు, ముసలమ్మలు పరాయి బిడ్డల్ని ఒళ్లోకి తీసుకుని పాలు పట్టారు. నోబెల్ శాంతి బహుమతికి ఆ దీవి వాళ్ల పేర్లు ప్రతిపాదించారు. అప్పుడు వచ్చినవాళ్లు కొన్ని రోజుల్లో ముందుకు సాగిపోయేవాళ్లు. 2016 మార్చిలో గ్రీసు నుంచి ఉత్తరానికి వెళ్లే బాల్కన్ దారి మూసేశారు. అదే నెల 18న టర్కీతో ఒప్పందం కుదిరింది. గ్రీసు దీవులకు చేరినవాళ్లను వెనక్కి పంపాలి, టర్కీలోని శరణార్థుల కోసం 600 కోట్ల యూరోల వరకు సాయం ఇవ్వాలి. వచ్చేవాళ్లు బాగా తగ్గారు. కానీ వచ్చినవాళ్లు దీవి దాటి పోవడానికి లేకుండా అయింది. సుమారు 3 వేలమంది కోసం కట్టిన మోరియా క్యాంపులో 2020 ఆరంభానికి 20 వేలకు దగ్గరగా చేరారు. ఆలివ్ తోటలన్నీ గుడారాలైపోయాయి. ఆ మార్చిలో అదే దీవిలో సహాయ సంస్థల కార్యకర్తల్ని, విలేకర్లను కొట్టారు. సెప్టెంబరులో మోరియా తగలబడిపోయింది. ఐదేళ్లలో ఆ దీవి మనుషుల రక్తం మారిపోలేదు. దూరంగా బ్రస్సెల్స్‌లో, బెర్లిన్‌లో కూర్చున్నవాళ్లు తమ సమస్యను ఆ దీవి మీద నిల్వ ఉంచారు.

ఇక ఉక్రెయిన్. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది, మార్చి 4కల్లా యూరప్ దేశాలన్నీ ఏకగ్రీవంగా తాత్కాలిక రక్షణ చట్టాన్ని అమల్లోకి తెచ్చాయి. 2001 నుంచి పుస్తకాల్లో పడి ఉన్న చట్టం అది. సిరియన్ల కోసం ఒక్కసారీ బయటికి తీయలేదు. దాని కింద వచ్చినవాళ్లు ఆశ్రయం ఇంటర్వ్యూల కోసం ఎదురుచూడనక్కర్లేదు, నచ్చిన దేశానికి వెళ్లొచ్చు, వెంటనే పనిలో చేరొచ్చు, పిల్లల్ని బడిలో వేయొచ్చు. 40 లక్షలమందికి పైగా అలా రక్షణ పొందారు. పోలండ్‌లో పెద్ద క్యాంపులే అవసరం కాలేదు. జనం ఇళ్లలో పెట్టుకున్నారు, ప్రభుత్వం ఒక్కో మనిషికి రోజుకు 40 జ్లోటీలు ఆ ఇళ్లవాళ్లకు ఇచ్చింది. జనం దయ, ప్రభుత్వం డబ్బు, చట్టం వెసులుబాటు మూడూ కలిస్తే ఎంత పెద్ద సంఖ్యనైనా మోయవచ్చని ఆ నెలల్లో కళ్లారా చూశాం.

అదే పోలండ్‌కు ఇంకో సరిహద్దు ఉంది, బెలారుస్ వైపు. 2021లో లుకషెంకో ప్రభుత్వం యూరప్‌ను ఇబ్బంది పెట్టడానికి ఇరాక్, సిరియా వాళ్లకు వీసాలిచ్చి తీసుకొచ్చి అడవిలోకి తోసింది. పోలండ్ సైనికులు వాళ్లను తిరిగి అవతలికి తోశారు. చలికి కొందరు ఆ అడవిలోనే చనిపోయారు. సహాయకుల్ని, విలేకర్లను ఆ ప్రాంతంలోకి రానివ్వలేదు. 186 కిలోమీటర్ల ఉక్కు గోడ కట్టారు. ఆ పల్లెల్లో కొందరు మాత్రం "ఇక్కడ తిండి, బట్టలు దొరుకుతాయి, పోలీసులకు చెప్పం" అని తెలియజేయడానికి రాత్రిళ్లు ఇంటి ముందు ఆకుపచ్చ దీపం పెట్టారు. ఒకే దేశం, కొన్ని నెలల తేడా.

తేడాకు కారణాలు? పొరుగు దేశం కావడం, రష్యా అంటే ఉమ్మడి భయం, వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు కావడం, అప్పటికే లక్షలమంది ఉక్రెయిన్ వాళ్లు పోలండ్‌లో పనిచేస్తుండటం. ఇవన్నీ నిజమే. రంగు, మతం కూడా నిజమే, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. మనవాళ్లకూ అది కొంత తగిలింది. ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతున్న వేలమంది భారతీయ విద్యార్థుల్లో ఆంధ్ర, తెలంగాణ పిల్లలు చాలామంది. పోలండ్ సరిహద్దు వైపు మైళ్ల కొద్దీ నడిచి వెళ్లినవాళ్లను, ఆఫ్రికా విద్యార్థులను ఉక్రెయిన్ వైపున గంటల తరబడి చలిలో ఆపేశారని అప్పట్లో ఎన్నో కథనాలు వచ్చాయి. గేటు దాటాక పోలండ్ వాలంటీర్లు వేడి సూపు, దుప్పట్లు ఇచ్చారు. అయితే తాత్కాలిక రక్షణ మాత్రం చాలావరకు మన విద్యార్థులకు వర్తించలేదు, పోలండ్ 15 రోజుల అనుమతి ఇచ్చింది. ఆ లోపు ఆపరేషన్ గంగ విమానాలు ఎక్కారు.

మళ్లీ మీ మొదటి ప్రశ్నకు వస్తే, మీరడిగిన ఆ వలస వ్యతిరేక పార్టీ ఏఎఫ్‌డీకి 2017లో 12.6 శాతం, 2025 ఫిబ్రవరిలో 20.8 శాతం ఓట్లు వచ్చాయి. 2015 నుంచి ఈలోపు భయపెట్టిన సంఘటనలు నిజంగా జరిగాయి. 2015 డిసెంబరు 31 రాత్రి కొలోన్‌లో ఎంతోమంది ఆడవాళ్ల మీద లైంగిక దాడులు, 2016 డిసెంబరులో బెర్లిన్ క్రిస్మస్ మార్కెట్‌లోకి ట్రక్కు దూసుకెళ్లడం, 2024 ఆగస్టులో జోలింగెన్‌లో కత్తి దాడి. ఆ చివరి కేసులో నిందితుణ్ణి డబ్లిన్ నిబంధన కింద అంతకుముందే బల్గేరియాకు పంపాల్సింది, పంపలేకపోయారు. జనానికి కోపం తెప్పించింది దాడి ఒక్కటే కాదు, ఆఫీసులు పని చేయకపోవడం కూడా. ఇంకో విషయం గమనించాలి. ఏఎఫ్‌డీకి ఎక్కువ ఓట్లు పడే తూర్పు జిల్లాల్లో చాలా చోట్ల విదేశీయులు తక్కువ. అక్కడ 1990 తర్వాత ఫ్యాక్టరీలు మూతపడి, యువకులు వలసపోయి, బస్సులు, ఆసుపత్రులు తగ్గిపోయాయి. మాకు లేని డబ్బు వాళ్లకు ఎక్కడిదన్న మాట అక్కడ తేలిగ్గా నాటుకుంటుంది. అటు 2015లో వచ్చి పనిచేసే వయసులో ఉన్నవాళ్లలో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఇవాళ ఉద్యోగాల్లో ఉన్నారు. మా పట్టణంలో బస్సు నడిపేవాళ్లు, వృద్ధాశ్రమంలో పనిచేసేవాళ్లు, ఆ జిమ్ హాల్లో పడుకున్నవాళ్లే. 2024 జనవరిలో ఏఎఫ్‌డీకి వ్యతిరేకంగా లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. చప్పట్లు కొట్టినవాళ్లు ఎక్కడికీ పోలేదు.

ప్రభుత్వాలు మాత్రం దాదాపు అన్నీ ఒకే దారి పట్టాయి. శరణార్థిని తమ ఓటరు కంటికి కనిపించని దూరంలోనే ఆపేయడం. ఇటలీ 2017లో లిబియాతో ఒప్పందం చేసుకుంది. 2018లో 629 మందితో ఉన్న 'అక్వేరియస్' నౌకను తన రేవుల్లోకి రానివ్వకపోతే, అది స్పెయిన్‌లోని వలెన్సియా దాకా వెళ్లాల్సి వచ్చింది. బ్రిటన్ తన దగ్గరికి వచ్చిన శరణార్థుల్ని ఆఫ్రికాలోని రువాండాకు పంపుతానంది. 2023 నవంబరులో వాళ్ల సుప్రీంకోర్టు అది చట్టవిరుద్ధమంది, తర్వాతి ప్రభుత్వం పథకాన్నే రద్దు చేసింది. 2023 జూన్‌లో గ్రీసు పిలోస్ దగ్గర 700 మందికి పైగా ఉన్నారంటున్న పడవ మునిగితే బతికింది 104 మంది. 2024లో ఆమోదించిన కొత్త యూరప్ ఒప్పందానికి 2026 జూన్‌ను అమలు తేదీగా పెట్టారు. సరిహద్దులోనే వేగంగా విచారణ, మనుషుల్ని తీసుకోని దేశం డబ్బో వేరే సాయమో ఇవ్వాలన్న నియమం అందులో ఉన్నాయి. మొదట చేరిన దేశం మీద భారం మాత్రం పెద్దగా తగ్గలేదు. నాకు నమ్మకం కుదరనిది అక్కడే.

మీ తమ్ముడి విషయం. విద్యార్థి వీసాకు, ఆశ్రయం చట్టానికి సంబంధం లేదు. జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు అందరికంటే ఎక్కువమంది భారతీయులే, వాళ్లను విశ్వవిద్యాలయాలు కోరుకుంటున్నాయి. అయితే 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటిలో తనిఖీలు పెట్టింది. రైల్లో ఆస్ట్రియాకో ఫ్రాన్స్‌కో వారాంతం వెళ్లొచ్చినా పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫోటో చాలదు. పర్మిట్ గడువు ముగిసే చాలా ముందే రెన్యువల్ అపాయింట్‌మెంటుకు రాయమనండి, విదేశీయుల కార్యాలయాల్లో రద్దీ ఎక్కువ. తూర్పు ప్రాంతంలో సీటు వస్తే వద్దనుకోనక్కర్లేదు. లైప్‌జిగ్, డ్రెస్డెన్‌లలో మంచి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, మన పిల్లలు చాలామంది అక్కడ చదువుతున్నారు. చేరేముందు అక్కడి సీనియర్లతో మాట్లాడి ఏ పేటలో గది తీసుకోవాలో కనుక్కుంటే చాలు.